పలక తీసి పెట్టిన

జర మంట దగ్గరికి జరుగు బిడ్డా. పత్తికట్టె మంచిగ ఎండింది, పొగ రాదు. పిల్లలను ఆ పక్కకు కూసోమను, గాలి అటు కొడుతలేదు. పల్లికాయ నిప్పుల మీద ఎయ్యొద్దు, బూడిదల కప్పి పెట్టు, నిదానంగ కాలుతది.

మొన్న నువ్వడిగిన మాటకు అప్పుడే జవాబు చెప్పలే. అది నిలబడి చెప్పే ముచ్చట కాదు. "తాతా, నేను అక్టోబర్ల నౌకరిల చేరిన. నేను పోయేటాలకు పిల్లలు బడికి అలవాటు పడే ఉండ్రి. వచ్చే జూన్ల ఒకటో తరగతికి కొత్తోళ్లు వస్తరు. మొదటి రోజు ఏం చేస్తె ఏడువకుంట కూసుంటరు?" అంటివి. బిడ్డా, మొదటి రోజు చేసేది తక్కువ. ఆ రోజుకు ముందటి పదిహేను దినాలు ఉంటయి చూడు, అసలు పని అప్పుడే. 1978ల నౌకరిల చేరి 2014ల, తెలంగాణ వచ్చిన యేడు, రిటైరైన. ముప్పై ఆరేండ్లల నేను గట్టిగ నేర్చుకున్న పని ఏదన్న ఉంటె అదొక్కటే.

ముందు నా బడి ముచ్చట చెప్త.

1961ల మా ఊర్ల సర్కారు బడి లేకుండె. ఖాన్గీ బడి ఉండె. ఒక పంతులు, ఆయన ఇంటి అరుగు, అరుగు మీద పరిచిన సన్న ఇసుక. గంతే. నన్ను ఆ బడిల ఏసే ముందు పంతులే మా ఇంటికి వచ్చిండు. మా నాయన మంచి దినం చూపిచ్చిండు. ఇత్తడి తాంబాలంల బియ్యం పోసి, పసుపు కలిపి నడింట్ల పెట్టిండ్రు. పంతులు నన్ను తొడ మీద కూసోపెట్టుకొని, నా చూపుడేలు పట్టుకొని బియ్యంల ఓనమాలు దిద్దిపిచ్చిండు. ఆయన మీద నశ్యం వాసన. ఆ వాసన నాకు ఇప్పటికీ యాదికున్నది. మా అవ్వ ఊర్ల పిల్లలందరికి పుట్నాలు, బెల్లం పంచింది. తెల్లారి పొద్దుగాల పెద్ద పోరగాండ్లు నలుగురు మా వాకిట్లకు వచ్చి, నన్ను నడుమ పెట్టుకొని తోలుకపోయిండ్రు.

ఆ పంతులు కొట్టేటోడే. తొడపాశం పెట్టేది, గోడకుర్చీ ఏపిచ్చేది, కోదండం కూడ కట్టేది. అది మంచిదని నేను అనను, ఎప్పుడు అనలే. కాని మొదటి దినం ఆ అరుగు ఎక్కినప్పుడు నాకు భయం కాలేదు. మా ఇంట్ల నా ఏలు పట్టిన చెయ్యే కద అని పోయి కూసున్న. ఆయనకు మా ఇల్లు తెలుసు, మా అవ్వ తెలుసు, మా ఎడ్లు తెలుసు.

అయితె ఈ ముచ్చటల ఇంకొకటి ఉన్నది, అది దాచి చెప్తె తప్పయితది. ఆ పంతులు అందరి గడపలు తొక్కలే. ఊరి బయటి వాడలకు ఒక్కనాడు పోలే. ఆడపిల్లల కోసం ఎవరింటికీ పోలే. ఆ దినం తాంబాలం పట్టుకొని నిలబడ్డది మా అక్క. నాకంటె రెండేండ్లు పెద్దది. దిద్దుడు అయినంక ఆ బియ్యం ఎత్తి కుండల పోసింది ఆమెనే. మా అక్క ఇయ్యాలటికి ఏలిముద్ర పెడతది. నేను సర్కారు సారునైనంక నా మనసుల మెదిలేది ఆ తాంబాలమే. పంతులు ఇంటికి వచ్చుడు మంచి పద్ధతి. కొన్ని ఇండ్లకే వచ్చుడు చెడ్డ పద్ధతి. మంచిదాన్ని తీసుకొని అన్ని ఇండ్లకు పోవుడే సర్కారు బడి సారు చెయ్యాల్సిన పని.

కాని అది నాకు మొదట్ల తెలువలే.

1978ల సమితి బడిల పోస్టింగు వచ్చింది. అచ్చంపేట దిక్కు, నల్లమల అంచున ఒక ఊరు. ఊరికి ఆనుకొని లంబాడి తండా. బస్సు దిగి ఆరు మైళ్లు నడవాలె. ఐదు తరగతులకు ఒక్కన్నే సారును. ఒక కొట్టం, ఒక బల్ల, ఒక కుర్చీ, నీళ్ల కుండ. ట్రైనింగ్ల నేర్పిచ్చిన పాఠ్య పథకాలన్ని సంచిల పెట్టుకొని పోయిన. బడి తెరిచే దినం పొద్దుగాలనే ఊర్లకు అడుగుపెట్టిన. చూడు, అదే నా తప్పు. పొలిమేర దాటి సీదా బడికి పోయిన, తాళం తీసిన, గంట కొట్టిన.

ఆ యేడు ఒకటిల కొత్తోళ్లు పదకొండు మంది. వాళ్ల నాయినలు వచ్చి పేర్లు రాయిచ్చి పోయిండ్రు. తెల్లారి నుంచి హాజరు పిలుసుడు షురూ. ఒక ఆడపిల్ల పేరు పిలుస్తె దినాం పలుకుడు లేదు. గైరుహాజరు ఏసుకుంట పోయిన. తొమ్మిది దినాలు ఏసిన. పదో దినం ఒకామె చేనుకు పోవుకుంట బడి కాడ ఆగి, "సారూ, మా పోరి ఎట్ల చదువుతుంది?" అని అడిగింది. ఎవరు మీ పోరి అంటె ముందు వరుసల గోనెసంచి మీద కూసున్న పిల్లను చూపిచ్చింది. ఆ పిల్ల దినాం వస్తుండె. నా ముంగటనే కూసుంటుండె. ఎవలో అక్కతోని వచ్చిన చెల్లె కావొచ్చు అనుకున్న నేను. అప్పట్ల చిన్నోళ్లను సంకనేసుకొని వచ్చేది, లెక్కకు రానోళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటుండ్రి.

"మరి పేరు పిలుస్తె పలుకది ఎందుకమ్మా?" అని అడిగిన.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని, "ఆ పేరు నేనెట్ల పిలుస్త సారూ? అది మా అత్త పేరు" అన్నది.

నాయినమ్మ పేరు పిల్లకు పెట్టిండ్రు. అత్త పేరు కోడలు నోట రాదు. పుట్టిన కాన్నుంచి ఇంట్ల చిట్టి అనే పిలిచిండ్రు. ఆ పిల్లకు తన అసలు పేరు ఒకటి ఉన్నదని తెలువది. తొమ్మిది దినాలు నా కండ్ల ముంగట కూసున్న పిల్లను నేను లేదని రాసిన. బిడ్డా, ఆ రిజిస్టర్ల ఎర్ర సిరా గీతలు నాకు కండ్లల్ల మెదులుతయి. బడి తెరిచే ముందు ఒక్క పొద్దు ఆ ఇంటి అరుగు మీద కూసోని ఉంటె, ఆ పిల్లను చిట్టీ అని వాళ్లమ్మ పిలుస్తుంటె ఇనేటోన్ని.

అదే యేడు తండా పిల్లగాడు ఒకడు, మొదటి దినం నన్ను చూడంగనే ఉరికిండు. వాగు దాటి ఉరికిండు. నేనేం అనలే, చేతుల కట్టె కూడ లేదు. సాయంత్రం తండాకు పోయిన. అది కూడ మొదటిసారి పోవుడే. వాడు వాళ్ల యాడి ఎనుక దాక్కున్నడు. సంగతి ఏందంటె, వాడు బువ్వ తినకుంటె, పండకుంటె, మేకను ఇడిసిపెడితె, ఒక యేడు నుంచి ఇంట్ల చెప్పేది ఒక్కటే మాట: "సారుకు పట్టిస్త". పాపం వాడు నన్ను చూడక ముందే నేను వాని కలల్లకు వచ్చిన. సారు అంటె పట్టుకపోయేటోడు. ఇట్లాంటి మాట తండాలనే కాదు, మన ఇండ్లల్ల కూడ అంటరు. ఇప్పటికీ అంటున్నరు. వాడు బడికి రాకముందు సారును మనిషి లెక్క ఒక్కసారన్న చూసి ఉండాలె.

నాకు లంబాడి మాట రాదు. ఎవరో చెప్తె నేర్చుకొని, "తారో నామ్ కాయి?" అని అడిగిన. నా పలుకుడు సక్కగ లేదు. ఆడోళ్లంత నవ్విండ్రు. యాడి ఎనుక నుంచి వాడు మెడ బయటికి పెట్టి నవ్విండు. మల్ల నేను అడిగిన, వాడు తప్పు దిద్ది చెప్పిండు. మల్ల అడిగిన, మల్ల దిద్దిండు. అట్ల నాలుగైదు సార్లు అయినంక వాడు వచ్చి మంచం పట్టె మీద నా పక్కకు కూసున్నడు. దిద్దేటోడు వాడు, నేర్చుకునేటోన్ని నేను. తెల్లారి బడికి వచ్చిండు.

మాట సంగతి వచ్చింది కాబట్టి చెప్త. మా బ్యాచిల ఆదిలాబాద్ నుంచి ఒకాయన ఉండె. మార్లవాయి ముచ్చట ఆయన చెప్తె ఇన్న. నిజాం కాలంల, 1943ల, హైమెన్‌డార్ఫ్ అనే దొర ఆ గోండు గూడెంల సార్లకు ట్రైనింగు కేంద్రం పెట్టిచ్చిండు. గోండు పిల్లగాండ్లనే సార్లను తయారు చేసిండ్రు. గోండి మాటల్నే వాచకాలు అచ్చేపిచ్చిండ్రు. ఎందుకు? బడి గడపల అడుగుపెట్టిన పిల్లకు మొదలు వినవడే మాట వాళ్లమ్మ మాట కావాలెనని. అందరు సార్లు అన్ని మాటలు నేర్వలేరు, నిజమే. కాని పిల్ల ఇంట్ల మాటల్ల పది మాటలు నేర్వలేని సారు ఉండడు. నీళ్లు, బువ్వ, అమ్మ, రా, కూసో, నొస్తుందా, భయమయితుందా. ఈ పది మాటలు మే నెలల నేర్చుకుంటె జూన్ల పనికొస్తయి.

రెండో యేడు నుంచి నేను మే ఆఖరి వారానికే ఊర్లకు పోయేది. ఎవరూ పొమ్మనలే, జీవో ఏమీ లేదు. పగటీలి పోతె ఇండ్లల్ల ఎవరుండరు. దీపాలు పెట్టే ఆళ్లకు పోవాలె. అప్పుడు అవ్వలు పొయ్యి కాడ ఉంటరు, నాయినలు కాళ్లు కడుక్కొని వాకిట్ల కూసుంటరు. మంచం వాలుస్తరు, కూసోవాలె. చాయ్ ఇస్తె తాగాలె. ఎవరింట్ల ఇచ్చినా తాగాలె, వాడల ఇచ్చినా తాగాలె. నేను మాలవాడల చాయ్ తాగినందుకు ఊర్ల ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నరు. తిప్పుకోని. ఆ ఇంటి పిల్ల నన్ను చూస్తున్నది, వాళ్ల కోసం ఆ పిల్ల ముంగట చాయ్ ఒద్దంటనా?

రిజిస్టరు పట్టుకపోవద్దు. కాగితం చూస్తె మనుషులు గట్టిపడతరు. మొదటి పొద్దు పిల్లను ఏమీ అడుగొద్దు. "నీ పేరేంది, ఒకట్లు చెప్పు, ఏబీసీడీ చెప్పు" అని అడుగుడు పోలీసోళ్లు అడిగినట్లే ఉంటది. మనం వాళ్ల నాయినతోని వానల ముచ్చట పెడుతుంటె, పిల్ల దూరంగ నిలబడి చూస్తది. చూడని. రెండోసారి పోయినప్పుడు దగ్గరికి వస్తది. అప్పుడు కూడ అడిగేది పిల్ల గురించి కాదు, మేకపిల్ల గురించి. దీనికి ఎన్ని దినాలు, ఏం తింటది, నీ మాట ఇంటదా? తనకు తెలిసిన సంగతి సారుకు తెలువదని తేలంగనే పిల్ల నోరు ఇప్పుతది.

పుట్టిన తారీకు కూడ ఆడనే దొరుకుతది. నాకంటె ముందు ఉన్న సారు అందరికీ జూన్ నెలనే రాసి పెట్టిండు. దినాం పనుల పడి ఎవరికీ గుర్తుండదు, నిజమే. కాని తల్లి కాడ ఓపికతోని కూసుంటె వస్తది. "కరువు యేడు పుట్టిండు సారూ" అంటె అది 1972. బతుకమ్మ ముందా, తర్వాతా? పీర్లు లేసినంకనా? కందులు కోసేటప్పుడా? అట్ల అడుగుకుంట పోతె నెల దొరుకుతది. ఆ రాసే అంకె చిన్నది కాదు బిడ్డా. పరీక్షకు, నౌకరికి, పింఛనుకు అదే అంకె కావాలె.

ఇంటికొచ్చినంక ఒక చిన్న నోటుబుక్కుల రాసుకునేది. ఇంట్ల పిలిచే పేరు. ఎవరు సాకుతున్నరు, తల్లా, నాయినమ్మనా. దేనికి భయం: బడి తొవ్వల కుక్క ఉన్నదా, వాగు దాటాలెనా. దేని మీద ఇష్టం. ఒక పోరనికి కుడి చెవు ఇనరాదు. ఊరంత వాన్ని మొండోడు అనేది. ఆ సంగతి నాకు వాళ్ల అవ్వ పొయ్యి కాడ కూసోని చెప్పింది. జూన్ల వాన్ని నా ఎడమ దిక్కు కూసోపెట్టిన, మంచి చెవు నా దిక్కు ఉండేటట్లు. మొండితనం ఆ దినమే పోయింది. ఇంకొక పిల్లది ఎడమచెయ్యి వాటం, బడికి పోతె సారు కొడతడని ఇంట్ల చెయ్యి మీద వాతలు పెట్టిండ్రు. ముందుగాల తెలిసింది కాబట్టి ఆపగలిగిన. ఇవి మొదటి దినం నలభై మంది నడుమ తెలిసే సంగతులు కావు.

బడి తెరిచే రెండు దినాల ముందు కొత్త పిల్లలను తల్లులతోని కలిపి బడికి పిలిచేది. పాఠం లేదు, గంట లేదు. ఊడ్చుడు, అలుకుడు, గోడకు సున్నం. పిల్లలకు గిన్నెల జాజు కలిపి ఇస్తె, అరచేతులు ముంచి గోడకు అచ్చులు ఏసేది. ఎవలి చెయ్యి వాళ్లకు తెలుసు. నీళ్ల కుండ ఎక్కడుందో, ఒంటేలుకు ఎటు పోవాలెనో అప్పుడే చూపిచ్చేది. నువ్వు నవ్వకు, చిన్న పిల్లలు బడిల ఏడ్చేది సగం దీనికోసమే. అడుగలేక ఆపుకొని ఆపుకొని ఏడుస్తరు. మొదటి దినం వచ్చినప్పుడు గోడ మీద తన చెయ్యి ఉండె. ఆ చెయ్యి కాడనే పోయి కూసునేటోళ్లు. మల్ల ఒక్కో కొత్త పిల్లకు వాళ్ల గల్లీలకెల్లే నాలుగో తరగతి పిల్లను ఒకరిని జోడు పెట్టేది, తోలుకొచ్చేటందుకు. అది మా పంతులు కాలం పద్ధతే, నేను కొత్తగ పెట్టింది కాదు.

కట్టె ఎయ్యి బిడ్డా, మంట తగ్గింది.

ఇగ వలస ముచ్చట. పాలమూరు లేబర్ అంటె నీకు పుస్తకాలల్ల చదివిందే. నేను చూసిన. ఏ ప్రాజెక్టు కాడ కట్ట పోసినా, కాలువ తవ్వినా ఆడ మనోళ్లే. మహారాష్ట్రకు పోయిండ్రు, గుజరాత్‌కు పోయిండ్రు. గుంపు మేస్త్రీ దసరాకో దీపావళికో అడ్వాన్సు ఇస్తడు, కుటుంబం కుటుంబం పోతది, పిల్లలను కూడ పట్టుకపోతరు. మిరుగు జొచ్చే ఆళ్లకు, నాలుగు చినుకులు పడితె వస్తరు. మిరుగు, బడి తెరుసుడు ఒక్కతాననే. ఏ ఇంటికి తాళం ఉన్నదో మే నెల తిరుగుడుల నాకు తెలిసేది. పక్కింటోళ్లను అడిగి, మేస్త్రీ ఏ ఊరి కాడ క్యాంపు ఏసిండో కనుక్కొని, పోస్టు కార్డు రాసేది. అప్పుడు కార్డు పదిహేను పైసలు. మేస్త్రీ పేరు మీదనే రాయాలె, గుడిసెలకు అడ్రసు ఉండది కద.

ఏం రాసేటోన్నంటె, పిల్లగాని పేరు మొదలు. ఇంట్ల పిలిచే పేరు. "బడి ఫలానా తారీకు తెరుస్తున్నం. నీ కోసం ఒక పలక తీసి పెట్టిన. నువ్వు వచ్చేదాక అది ఎవలికీ ఇయ్యను." గంతే. తల్లిదండ్రులకు నీతులు రాయలే. వాళ్లకు చదువు మీద ఇష్టం లేక పోలే, అడ్వాన్సు తీరక పోయిండ్రు.

1983ల ఐదు కార్డులు రాసిన. ముగ్గురు పిల్లలు రాలే. వాళ్ల అప్పు ఆ యేడు తీరలే, ఒకరైతె మల్ల ఊరికే రాలే. ఇద్దరు వచ్చిండ్రు. అండ్ల ఒక పిల్లగాడు బడి తెరిచిన నాలుగో దినం, బస్సు దిగి ఆరు మైళ్లు వచ్చి, ఇంటికి కూడ పోకుంట నాయిన భుజం మీదకెల్లి సీదా బడి కాడ దిగిండు. అంగి జేబుల కార్డు నాలుగు మడతలు పెట్టి ఉన్నది. సిమెంటు మరకలు. చదువరాదు వానికి. మేస్త్రీ చదివి ఇనిపిచ్చిండట, వాడు మూడు వారాలు జేబులనే పెట్టుకొని తిరిగిండట. కార్డు నా చేతుల పెట్టి, "నా పలక ఏది?" అన్నడు.

పలక ఉండె. తీసి ఇచ్చిన.

తర్వాత తర్వాత ఈ పనికి పెద్ద పెద్దోళ్లు కూడ దిగిండ్రు. రంగారెడ్డి జిల్లాల శాంతా సిన్హా మేడం, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు, జీతాలకున్న పిల్లలను ఇడిపిచ్చి, సీదా బడిల ఏయకుంట ముందు శిబిరాలల్ల ఉంచి, బడికి అలవాటు చేసి అప్పుడు పంపేది. 2003ల ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. పేపర్ల చూసి నేను మా సార్లందరికీ మిఠాయి పంచిన. బడికి ముందు ఒక మెట్టు ఉంటదని, ఆ మెట్టు పిల్లకు మనమే ఏసియ్యాలెనని వాళ్లు లోకానికి చూపిచ్చిండ్రు.

రైలుబడి పుస్తకం నువ్వు చదివినవు కద? జపాన్ల తొమోయె బడి, కొబయాషి పెద్దసారు. ఆ పుస్తకంల చిన్న పిల్లను అంతకు ముందటి బడిల నుంచి తీసేసిండ్రు. ఈయన వాళ్లమ్మను ఇంటికి పంపి, కుర్చీ దగ్గరికి జరుపుకొని, నీకేం చెప్పాలెననిపిస్తె అది చెప్పు అన్నడు. ఆ పిల్ల నాలుగు గంటలు చెప్పింది. ఆయన నాలుగు గంటలు ఇన్నడు. అటెనుకనే ఇయ్యాల నుంచి నువ్వు ఈ బడి పిల్లవు అన్నడు. నేను ఆ పుస్తకం నౌకరి చివర్ల చదివిన. ముందే చదివి ఉంటె బాగుండు అనిపిచ్చింది. నేను అవ్వలు చెప్పింది ఇన్న, నాయినలు చెప్పింది ఇన్న. పిల్ల చెప్పేది అట్ల ఆఖరు దాక ఇన్నది తక్కువ. నువ్వు ఆ పని నాకంటె బాగ చెయ్యి.

ఇప్పుడు బడిబాట ఉన్నది, జయశంకర్ సారు పేరు మీద. జూన్ మొదట్ల ర్యాలీ తీస్తరు, ఇండ్లకు తిరుగుతరు. మంచిదే, చెయ్యాలె. కాని ర్యాలీ ఊరితోని మాట్లాడుతది, ఒక్క పిల్లతోని మాట్లాడది. ఒక్క ఇంట్ల అరగంట కూసోక ముందు పది ఇండ్ల పేర్లు రాసుకొని పోతె, పేర్లే వస్తయి. ఫోన్ల సంగతి అడిగినవు. ఫోను మంచిది బిడ్డా. నాకు ఆ దినాలల్ల ఉంటె ఐదు కార్డులకు ఐదుగురిని తెచ్చేటోన్నో ఏమో. హైదరాబాద్‌ల వాచ్‌మన్ పనికి పోయినోళ్ల పిల్ల ఉంటది, ఇటుకబట్టీ కాడ ఉంటది. ఆ పిల్ల పేరు పట్టి పిలిచి, నీ గొంతుతోని నాలుగు మాటలు చెప్పి పంపు. గ్రూపుల అందరికీ కలిపి పెట్టే మెసేజు అమ్మానాయినలకు. పిల్లకు పంపేది పిల్ల పేరు మీదనే ఉండాలె.

నేను చేరినప్పుడు ఆ ఊర్ల లేనిది మీకు ఇంకొకటి ఉన్నది, అంగన్‌వాడీ. నీ దగ్గరికి రాబోయే పిల్లలు ఇప్పుడు ఆడనే ఉన్నరు. ఆ టీచరు, ఆయమ్మ వాళ్లను రెండు మూడేండ్ల నుంచి చూస్తున్నరు. ఎవరు దేనికి ఏడుస్తరో నీకంటె, నాకంటె వాళ్లకే ఎక్కువ తెలుసు. సంక్రాంతి సెలవులు కాంగనే వారానికి ఒక్కసారి పోయి ఆ పిల్లల నడుమ కూసో. పాఠం చెప్పకు. వాళ్ల ఆటల నువ్వు కూడ ఒక చెయ్యి ఎయ్యి.

జూన్ 12 దాక టైమున్నది. మే ఆఖరి వారం నీ బడి ఊరికి నేను కూడ వస్త. మోకాలు నొస్తున్నది, దినానికి రెండిండ్ల కంటె ఎక్కువ తిరుగలేను, రెండిండ్లే పోదాం. చిన్న నోటుబుక్కు మొన్న అంగట్ల కొన్న. ఆ గూట్ల పెట్టిన, పోయేటప్పుడు తీసుకపో.